ఊదని క్లారినెట్ కేసు

సికింద్రాబాద్,
జూలై 1.

ఉచిత న్యాయ సలహా కేంద్రం లాయరమ్మ రజిత గారికి, మోండా మార్కెట్ వెనక గల్లీలో ఉండే బిక్షం నమస్కరించి రాయునది.

ముందుగా మన్నించాలి. నా చేతిరాత బాగుండదు. మా ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివాను. వత్తులు తప్పుతాను. సున్నాలు కొన్నిచోట్ల ఎక్కువ, కొన్నిచోట్ల తక్కువ పడతాయి. మీరే సర్దుకొని చదవండి. ఫోను ఉంది కానీ అందులో నాకు మాట రాదు. మీ కేంద్రం గేటు దాకా రెండుసార్లు వచ్చాను. లోపల మనుషులు ఉన్నారు. తిరిగి వెళ్లిపోయాను.

సంగతి ఏమంటే, నేను ముప్పై నాలుగేళ్లుగా పెళ్లిళ్లలో మోసం చేస్తున్నాను. ఎన్ని పెళ్లిళ్లో లెక్క పెట్టలేదు. రెండువేలకు తక్కువ ఉండవు. హిందువులవి, ముసల్మానులవి, క్రైస్తవులవి, అన్నీ చేశాను. ఎవరూ పట్టుకోలేదు. పైసలు ఇచ్చారు. భోజనం కూడా పెట్టారు.

ఇప్పుడు నా వయసు డెబ్బై ఒకటి. ఇన్నేళ్లు ఈ పని చేసినందుకు పింఛను ఇస్తామని అంటున్నారు. కాగితం మీద సంతకం కూడా తీసుకున్నారు. ఈ నెల ఇరవై రెండున కమిటీ పెద్దమనుషుల ముందు చేసి చూపించాలట. అది నా వల్ల కాదు.

అడగవలసినవి రెండు. అయిపోయిన దానికి జైలు ఉందా? పింఛను తీసుకుంటే దానికి వేరే జైలు ఉందా? ఇన్నేళ్లు ఎవరి వస్తువూ ముట్టుకోలేదు. చివరికి వచ్చి దొంగ అనిపించుకోవడం ఇష్టం లేదు.

ఇట్లు,
బిక్షం.

తా.క.: జైలు తప్పదంటే శ్రావణం దాటాక వేయించండి. శ్రావణంలో నాలుగు పెళ్లిళ్లు ఒప్పుకొని ఉన్నాను.



సికింద్రాబాద్,
జూలై 4.

బిక్షం గారికి నమస్కారం.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి కూర్చొని, మిగతా రెండుసార్లు నిలబడి.

సలహా అడిగినవారిని నిందించడం లాయరు పని కాదు. అందుకని సూటిగా అడుగుతున్నాను. రెండువేలు అనే అంకెలో సున్నాలు ఏమైనా ఎక్కువ పడ్డాయా? సున్నాల సంగతి మీరే రాశారు కనుక అడుగుతున్నాను. ఇరవై అయినా తక్కువేమీ కాదు.

మోసం అనేది చట్టంలో ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షను కింద ఉంది. పాత 420 పోయి ఇది వచ్చింది. మనిషి బాధపడినంత మాత్రాన, అబద్ధం ఆడినంత మాత్రాన అది ఈ నేరం అయిపోదు. నాలుగు అంశాలు చూడాలి. మొదటిది, అబద్ధమని తెలిసి ఒకరిని నమ్మించి ఉండాలి. రెండోది, ఆ నమ్మకంతోనే వాళ్ల చేత ఒక పని చేయించి ఉండాలి, లేకపోతే వాళ్లు చేసేవాళ్లు కాదు. మూడోది, అందువల్ల డబ్బో ఆస్తో చేతులు మారాలి, లేదా వాళ్లకు నష్టం జరగాలి. నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. ముంచాలనే ఉద్దేశం మొదటి రోజునుంచే ఉండాలి. మంచి మనసుతో మొదలుపెట్టి తర్వాత మాట నిలబెట్టుకోలేకపోతే అది మోసం కాదు.

ఈ నాలుగింటిలో మీకు ఏవి వర్తిస్తాయో చెప్పాలంటే వివరాలు కావాలి. ఆ స్త్రీల పేర్లు, చిరునామాలు గుర్తున్నంతవరకు రాయండి. ఒకరి సంగతి మరొకరికి తెలుసా? శ్రావణంలో ఒప్పుకున్న నాలుగు పెళ్లిళ్లు వెంటనే మానుకోండి. ఆ నలుగురి తల్లిదండ్రులకు మీ వయసు తెలుసా?

కమిటీ ముందు చేసి చూపించడం అంటే ఏమిటో నాకు అర్థం కాలేదు. దయచేసి వివరంగా రాయవద్దు.

ఇట్లు,
రజిత, అడ్వొకేటు.

తా.క.: ఈ పనికి పింఛను ఇస్తున్న సంస్థ పేరు రాయండి. మీ మొదటి భార్య జీవించి ఉన్నారా?



సికింద్రాబాద్,
జూలై 8.

లాయరమ్మ గారికి బిక్షం నమస్కరించి రాయునది.

మీ ఉత్తరం వచ్చినప్పుడు నేను ఇంట్లో లేను. మా ఆవిడ బుచ్చమ్మకు చదువు రాదు. లాయరు ఉత్తరం అనేసరికి భయపడి పక్కింటి సుకన్యతో చదివించుకుంది. సుకన్య గట్టిగా చదువుతుంది. గల్లీ మొత్తం విన్నది.

నేను వచ్చేసరికి బుచ్చమ్మ గడపలో కూర్చొని ఉంది.

"ఏందయ్యా, రెండువేల మందిని చేసుకున్నవా? నాకొక్కదానికి చీర తెమ్మంటేనే మూడు నెల్లు పరేషాన్ అయితవ్. గాళ్లందరికి ఏం తెచ్చినవ్?"

నాకు వెంటనే మాట రాదు. సుకన్య మాత్రం "నోరు మూసుకున్నడంటే నిజమే ఉంటది వదినా" అన్నది. రెండు రోజులు అన్నం నేనే వండుకున్నాను. కనుక ఈసారి అంతా రాస్తున్నాను. నేను చేసుకున్నది ఒక్క పెళ్లి. ఆమె జీవించే ఉంది. బాగా జీవించి ఉంది.

నాది పెళ్లి బ్యాండు పని. పీర్ మహమ్మద్ సాబ్ బ్యాండు. ఆయన పోయాక కొడుకు జాకీర్ నడుపుతున్నాడు. నేను మొదట ఆ దుకాణంలో ఎర్రకోట్లు ఇస్త్రీ చేసేవాణ్ని. ఒకరోజు ఒకాయనకు జ్వరం వచ్చింది. పన్నెండు మందితో వస్తామని పెళ్లివారికి మాట ఇచ్చి ఉన్నారు. పీర్ సాబ్ కోటు తీసి నా ఒంటి మీద పెట్టి చూశాడు. సరిపోయింది. అంతే కారణం.

"ఊదనీకి రాదు సాబ్" అన్నాను.

"ఊదుమని ఎవడన్నడు? బుగ్గలు పొంగించు, వేళ్లు కదిలియ్యి, లైన్‌ల నడువు" అన్నాడు.

అప్పటినుంచి నేను క్లారినెట్. ఎడమ వరుసలో మూడో మనిషి. క్లారినెట్‌లో నోటి దగ్గర పలచని రీడు ఉంటుంది. అది ఉంటేనే శబ్దం. నా దాంట్లో రీడు పెట్టరు, పొరపాటున మోగుతుందని. పన్నెండు మందిలో ఎనిమిది మంది వాయిస్తారు, నలుగురం డమ్మీ. అన్ని బ్యాండ్లలో కొంచెం ఇట్లాగే ఉంటుంది. కానీ మిగతా డమ్మీలు పక్క చూపులు చూస్తారు. నేను పాట ప్రకారం ఊపిరి తీస్తాను, పాట ప్రకారం వేళ్లు ఆడిస్తాను. డబ్బు తీసుకుంటున్నప్పుడు అంతమాత్రం చేయాలి కదా.

ఇప్పుడు ఆషాఢం. పెళ్లిళ్లు లేవు, కోట్లు బీరువాలో ఉన్నాయి. ఖాళీగా ఉన్నప్పుడు జాకీర్ ఏదో కాగితం తెచ్చి సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. తర్వాత చదివితే వృద్ధ వాద్య కళాకారుల నిధికి దరఖాస్తు. తార్నాకలో వాళ్ల హాలు ఉంది. అందులో నా పేరు కింద "ముప్పై నాలుగేళ్ల అనుభవం గల క్లారినెట్ విద్వాంసుడు" అని ఉంది. విద్వాంసుడు అనే మాట రాయడానికి నాకు మూడు కాగితాలు పట్టాయి.

జైలు సంగతి రాయండి.

ఇట్లు,
బిక్షం.

తా.క.: మా గల్లీలో ఎవరినైనా తిట్టాలంటే చార్ సౌ బీస్ అంటారు. ఇప్పుడు సెక్షను మారింది కనుక తీన్ సౌ అఠారా అనాలా? అని చూశాను. తిట్టినట్టు లేదు.



సికింద్రాబాద్,
జూలై 11.

బిక్షం గారికి నమస్కారం.

ముందుగా మీ భార్య గారికి నా క్షమాపణలు చెప్పండి. తప్పు నాది. సుకన్య గారు ఈ ఉత్తరం కూడా చదువుతూ ఉంటే, అమ్మా, ఈ వాక్యాన్ని ఇంకా గట్టిగా చదవండి: బిక్షం గారు ఒక్క పెళ్లే చేసుకున్నారు.

ఇక చట్టం. మీరు ఊదలేదు, ఊదినట్టు నటించారు. అబద్ధమని మీకు తెలుసు. కాబట్టి మొదటి అంశం పైకి కనిపిస్తోంది. డబ్బు చేతులు మారింది, మూడోదీ ఉంది. నాలుగోది, మొదటిరోజే రీడు లేదు కనుక మీ ఉద్దేశం గురించి ప్రాసిక్యూషను చాలా మాట్లాడుతుంది. కేసంతా రెండో అంశం దగ్గర ఆగుతుంది. మీరు నిజంగా ఊదుతున్నారనే నమ్మకంతోనే వాళ్లు డబ్బు ఇచ్చారా? తెలిసి ఉంటే ఇచ్చేవారు కాదా?

మోసపోయిన మనిషి లేకుండా మోసం ఉండదు. "నాకు ముందే తెలిస్తే ఇతనికి పైసా ఇచ్చేవాణ్ని కాదు" అని చెప్పే మనిషి ఒక్కడైనా కనిపించాలి. అలాంటి మనిషి ఎక్కడ ఉన్నాడు? నాకు అదే తెలియాలి.

పింఛను దరఖాస్తు నకలు పంపండి. దాన్ని చూశాకే రెండో ప్రశ్నకు జవాబు చెప్పగలను.

ఇట్లు,
రజిత.

తా.క.: తిట్టు విషయంలో చట్టం వెనకటి తేదీనుంచి వర్తించదు. పాతదే వాడుకోవచ్చు.



సికింద్రాబాద్,
జూలై 15.

లాయరమ్మ గారికి బిక్షం నమస్కరించి రాయునది.

మోసపోయిన మనిషి మీకు కావాలన్నారు. దుకాణంలో పాత బుకింగ్ పుస్తకం తీసుకొని వెతకడానికి పోయాను. మూడు రోజులు తిరిగాను. మనిషి దొరకలేదు. జరిగింది రాస్తున్నాను.

మొదట సైనిక్‌పురి పోయాను. సత్యదేవ్ అని మిలిటరీలో సుబేదారుగా చేసి రిటైరైన ఆయన. ఇరవై రెండేళ్ల కింద వాళ్ల బిడ్డ పెళ్లికి వాయించాం. గేటు దగ్గర కొంచెంసేపు నిలబడ్డాను. కుక్క మొరిగితే ఆయనే బయటికి వచ్చారు.

"సార్, మీ బిడ్డ పెండ్లిల నేను క్లారినెట్ ఊదలే. ఊదినట్టు చేసిన."

"ఎప్పుడు?"

"ఇరవై రెండేండ్ల కింద."

"అయితే ఇప్పుడేందీ?"

"మీరు మోసపోయిన్రా లేదా అడగనీకి వచ్చిన సార్. లాయరమ్మ తెల్సుకోమన్నది."

ఆయన నన్ను కింది నుంచి మీది దాకా చూశారు. "రాజ్యం, ఆల్బం పట్రా" అని ఇంట్లోకి కేకేశారు. ఆమె ఆల్బంతో వచ్చి పేజీలు తిప్పి వేలు పెట్టింది.

"గిదో, గీయననే! బుగ్గలు జూడుండ్రి ఎట్ల పొంగినయో. నేనప్పుడే అన్న గదా, గా మనిషి పానం పెట్టి ఊదుతున్నడని. పక్కోళ్లను జూడు, ఊదుతున్నరో ఆవులిస్తున్నరో తెల్వది."

"గాళ్లే ఊదింది అమ్మా" అన్నాను.

సుబేదారు గారు ఆల్బం మూశారు. "చూడు, పన్నెండు మంది కావాలన్న. పన్నెండు మంది వచ్చిన్రు. పరేడ్‌ల వెయ్యి మంది తుపాకులు పట్టుకొని నిలబడ్తరు. అందరు పేలుస్తరా? నువ్వు లైన్ తప్పినవా?"

"లేదు సార్."

"మరింకేంది. చాయ్ తాగి పో. శ్రావణంల మన్మరాలి పెండ్లి ఉంది, నువ్వే రావాలె. వేరేవాణ్ని పంపిస్తే ఊకోను."

ముందే తెలిస్తే పైసలు ఇవ్వకపోయేవారా అని మీరు చెప్పినట్టే అడిగాను. "ఎందుకియ్యను?" అన్నారు. రాసి ఇమ్మన్నాను. రాసి ఇచ్చారు. ఇందులో పెట్టాను.

తర్వాత ఉమేరా అనే ఆమె ఇంటికి పోయాను. ఆమె షాదీ అయి తొమ్మిదేళ్లు. ఆమె నవ్వి "తాతా, నా షాదీల పటాకులు, మా మామల లొల్లి, డీజే. బ్యాండ్ సుత వచ్చిందా?" అన్నది. మోసపోయావా అమ్మా అంటే ఆలోచించి చెప్పింది. "మోసమంటే మా ఆయన చేసిండు. నన్ను చూడనీకి వచ్చినప్పుడు విగ్గు పెట్టుకున్నడు. నిఖా అయిన వారానికి తీసి గోడకు తగిలేసిండు. గా సెక్షన్ గాయన మీద పడ్తదా?"

ఇంకా ముగ్గురిని అడిగాను. ఎవరూ మోసపోయామని ఒప్పుకోలేదు. ఒకాయన మాత్రం, అందరు ఊది ఉంటే ఇంకా చెవులు పోయేవి, మీరు నలుగురు ఊదనందుకు షుక్రియా అన్నాడు.

ఈ సంగతి జాకీర్‌కు తెలిసింది. దుకాణం నుంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు. "చాచా, కస్టమర్ల ఇండ్లకు పోయి నేను ఊదలే, నేను ఊదలే అని చెప్పుకుంట తిరుగుతున్నవంట! నా దుకాణం బంద్ చేయిస్తవా?" కాగితం మీద అబద్ధం ఎందుకు రాశావని అడిగాను. "ఆషాఢం వస్తె నువ్వు పైసలు అడగవు. ఇస్తె తీస్కోవు. ఇంకేం చెయ్యాలె నేను?" అన్నాడు. వాడు చెడ్డవాడు కాదు. వాడికి వాళ్ల నాన్న బుద్ధే.

తర్వాత వాడికి ఒక ఆలోచన వచ్చింది. ఇరవై రెండో తేదీలోపు నాకు ఊదడం వస్తే అబద్ధం నిజమైపోతుందన్నాడు. క్లారినెట్‌కు రీడు పెట్టాడు. పొద్దున పది గంటలకు మొదటి శబ్దం వచ్చింది. సుకన్య వాళ్లింట్లో కుక్కర్ పేలిందనుకొని గల్లీవాళ్లు అటు పోయారు. బుచ్చమ్మ రీడు తీసి దాచేసింది. "ముప్పై నాలుగేండ్లు సప్పుడు లేకుంట బతికినం. గిప్పుడు షురూ చేస్తవా?" అన్నది.

దరఖాస్తు నకలు పెట్టాను. మోసపోయిన మనిషి దొరకనందుకు ఏమీ అనుకోకండి. ఇంకా వెతకమంటే వెతుకుతాను.

ఇట్లు,
బిక్షం.

తా.క.: ఉమేరాకు మీ చిరునామా ఇచ్చాను. విగ్గు కూడా తెస్తానన్నది.



సికింద్రాబాద్,
జూలై 18.

బిక్షం గారికి నమస్కారం.

వెతకమని కాదండీ నేను రాసింది. "ఎక్కడ ఉన్నాడు?" అంటే లేడు అని అర్థం. పరవాలేదు. నేరస్థుడే స్వయంగా బస్సెక్కి ఫిర్యాదుదారుల కోసం తిరిగిన కేసు నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

పెళ్లిళ్ల సంగతి ముగిసింది. రెండో అంశం లేదు. సుబేదారు గారి చీటీతో సహా ఫైలు మూసేస్తున్నాను. ముప్పై నాలుగేళ్లకు మీకు జైలు లేదు.

కానీ దరఖాస్తు చూశాను. ఇక్కడ మాత్రం జాగ్రత్తగా వినండి. "విద్వాంసుడు" అన్నది అబద్ధం, అది మీకు తెలుసు. మొదటిది. ఆ మాట నమ్మి నిధి వాళ్లు పింఛను ఇస్తారు, డమ్మీ అని తెలిస్తే ఇవ్వరు. రెండోది. నెలనెలా డబ్బు మీ చేతికి వస్తుంది, నిజంగా ఊదేవాళ్లలో ఎవరో ఒకరికి రాకుండా పోతుంది. మూడోది. తెలిసి ఆ హాలుకు వెళ్లి మౌనంగా ఉంటే నాలుగోది. పెళ్లిళ్లలో మీ మౌనం నేరం కాదు. అక్కడ అదే మౌనం నేరం.

కనుక దరఖాస్తు వెనక్కి తీసుకోవాలి. ఒక్క పైసా ముట్టుకోకముందే, మీ అంతట మీరే చెప్పాలి. ఉత్తరం రాసి పంపితే సరిపోదు. సిఫారసు సంతకం జాకీర్‌ది కాబట్టి అతన్ని నిలదీస్తారు. నిండు హాలులో, వాళ్ల ముఖాల వైపు చూసి, చెడు ఉద్దేశం లేదని వివరించాలి. మీ స్వభావం నాకు అర్థమైంది. గేటు దాకా వచ్చి తిరిగిపోయే మనిషి ఆ పని చేయలేరు.

అందుకని ఇరవై రెండున నేనే వస్తాను. మీ తరఫున మాట్లాడతాను. మీరు నా పక్కన నిలబడితే చాలు. నోరు తెరవక్కర్లేదు.

ఇట్లు,
రజిత.

తా.క.: క్లారినెట్ తేకండి. తప్పదంటే రీడు మాత్రం బుచ్చమ్మ గారి దగ్గరే ఉండనివ్వండి. విగ్గు సంగతి నా ముందు ఇంకెవరూ ఎత్తకుండా చూడండి. మొన్న ఆమె నిజంగానే తెచ్చింది.



సికింద్రాబాద్,
జూలై 24.

లాయరమ్మ రజితకు బిక్షం ఆశీర్వదించి రాయునది.

మొన్న హాలులో మీరు వెళ్లిపోయేదాకా జరిగింది మీకు తెలుసు. తర్వాతది తెలియదు. అంతా వరుసగా రాస్తున్నాను.

అధ్యక్షుడు భానుప్రకాశ్ గారు "చెప్పండమ్మా" అన్నారు. మీరు నోరు తెరిచారు. పెదవులు కదిలాయి. శబ్దం రాలేదు. హాలులో వాళ్లు మైకు పాడైందనుకొని తట్టి చూశారు. నేను మీ పక్కనే ఉన్నాను కదా, నాకు తెలిసింది మైకు కాదని. ఊదకుండా ఊపిరి తీసే మనిషిని నేను గుర్తుపడతాను. అప్పుడు మీరు వంగి నా చెవిలో చెప్పారు. "పదకొండేండ్ల సంది మా సీనియర్ వెనక ఫైళ్లు పట్టుకొని నిలబడ్డ. ఒక్కనాడు నోరు తెర్వలే. ఈడ తెరుద్దామని వచ్చిన" అని. చెప్పి వెళ్లిపోయారు. నల్లకోటు కుర్చీ మీదనే ఉండిపోయింది. నా దగ్గర ఉంది.

భానుప్రకాశ్ గారు నన్ను చూసి "పెద్దాయనా, మీ లాయరు ఏరీ?" అన్నారు.

"పోయింది సార్" అన్నాను.

"మరి ఎవరు మాట్లాడతారు?"

ఎవరూ లేరు. వెనక వరుసలో జాకీర్ తల పట్టుకొని కూర్చున్నాడు. వాణ్ని లేపుతారేమోనని భయం వేసింది. అందుకని నేనే చెప్పాను.

"సార్, నేను ఊదను. నిలబడ్త. ముప్పై నాలుగేండ్ల సంది గంతే. కాగితం మీద తప్పు రాసి ఉంది, సంతకం నాదే. పైసలు ఇంకా తీస్కోలే. కాగితం వాపస్ ఇయ్యుండ్రి."

నా జీవితంలో ఇన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం అదే మొదలు. బుచ్చమ్మ నమ్మడం లేదు.

వాళ్లలో వాళ్లు గుసగుసలాడుకున్నారు. ఒక పెద్దాయన, పూర్వం షెహనాయి వాయించేవారట, నిలబడటం అంటే ఏమిటో చూపించమన్నారు. చూపించాను. రీడు లేని క్లారినెట్ పట్టుకొని ఒక బరాత్ పాట మొత్తం చేశాను. ఆయన కళ్లు మూసుకొని, తల ఊపుతూ విని, అయిపోయాక "ఒక్క స్వరం కూడా తప్పు పోలే" అన్నారు. ఎగతాళికి అన్నారో మెచ్చుకున్నారో నాకు తెలియదు. నేను దండం పెట్టాను.

దరఖాస్తు కొట్టేశారు. గుమాస్తా దాని మీద రాసింది నాకు చూపించారు. "దరఖాస్తుదారు నిజం చెప్పినందున తిరస్కరించడమైనది." జైలు లేదు. పింఛను లేదు. దొంగ అని ఎవరూ అనలేదు. నాకు కావలసింది అదే.

ఇప్పుడు మీ సంగతి.

మీరు మూడు రోజులుగా కేంద్రానికి రావడం లేదని తెలిసింది. ఈసారి గేటు దాటి లోపలికి పోయి అడిగాను. నన్ను మోసం చేశానని మీరు అనుకుంటున్నారేమో. మీరు నేర్పినట్టే కూర్చొని చూశాను. మాట్లాడతానని నన్ను నమ్మించారు, మాట్లాడలేదు. మొదటిది ఉందనిపిస్తుంది. మీ మాట నమ్మి హాలుకు పోయాను, లేకపోతే పోయేవాణ్ని కాదు. రెండోది ఉంది. డబ్బు చేతులు మారలేదు. మీది ఉచిత కేంద్రం. పైగా బస్సు చార్జీ మీరే పెట్టారు. నష్టం కూడా జరగలేదు. మూడోది లేదు. నాలుగోది మీరే ముఖ్యమన్నారు. మీరు ముంచాలని రాలేదు. మాట్లాడాలనే వచ్చారు. నాలుగోది అసలే లేదు. నాలుగోది లేకపోతే, అబద్ధమని తెలిసి నమ్మించినట్టు కాదు కదా, మొదటిది కూడా పోతుంది. అంతా కలిపి మీ మీద ఒక్కటే మిగిలింది. కేసు నిలబడదు. ఫైలు మూసేశాను.

ఇంకొక సంగతి. తప్పుడు సిఫారసు ఎందుకు చేశావో వచ్చి చెప్పమని జాకీర్‌కు నిధి వాళ్లు నోటీసు ఇచ్చారు. ఆగస్టు ఐదున. లాయరును తెచ్చుకోవచ్చట. పెద్ద లాయరును పెడతానని జాకీర్ అన్నాడు. వద్దన్నాను. "గా అమ్మ నోరు తెర్వది గదా చాచా!" అన్నాడు. "గా అమ్మకు చట్టం తెలుసు. నోరు సంగతి నేను చూస్కుంట" అన్నాను.

కనుక మీరు రావాలి. హాలు అదే, మనుషులు వాళ్లే, మీకు కొత్త కాదు. ఈసారి మీ ముందు ఎవరూ ఉండరు. మీ వెనక నేను ఉంటాను. ఫైళ్లు పట్టుకొని నిలబడతాను. మాట రాకపోతే వెనక్కి చూడండి, ఎప్పుడు ఊపిరి తీయాలో చూపిస్తాను. ఆ పనిలో నాకు ముప్పై నాలుగేళ్ల అనుభవం ఉంది. ఇది మాత్రం కాగితం మీద రాయించుకోవచ్చు, అబద్ధం కాదు.

కోటు ఇస్త్రీ చేసి ఉంచాను. చేతిరాత ఈసారి కూడా అంతే, మన్నించండి.

ఇట్లు,
బిక్షం.

తా.క.: ఈ ఉత్తరం పోస్టులో వేసేముందు బుచ్చమ్మ సుకన్యతో చదివించుకుంది. చదువుతూ చదువుతూ మధ్యలో సుకన్య గొంతు ఆగిపోయింది. గల్లీలో అందరూ ఏమైందని అడుగుతున్నారు. మాట్లాడతానని రాయకండి, మళ్లీ మీకే భయం వేస్తుంది. వస్తానని ఒక్క ముక్క రాయండి, త్వరగా.